రెండు వాకిళ్ల గది

ఇట్లా దగ్గరికి జరుగు తల్లీ, కాళ్లు ముడుచుకొని కూర్చో. గాళెప్ప మేస్త్రి సంగతి విను.

ఆ పొద్దున గాళెప్ప గొంతుక్కూర్చొని, పోసిన సిమెంటు నేలను తాపీతో నున్నగా రుద్దుతున్నాడు. బక్కపల్చని మనిషి. గనుల ఎర్రదుమ్ము కనుబొమల్లో, చెవుల వెనక, గోళ్ల సందుల్లో పట్టేసి ఎన్ని నీళ్లు పోసుకున్నా వదిలేది కాదు. సొంతూరు సిరిగేరి. తోరణగల్లులో క్వార్టర్సు కట్టాడు, సండూరులో లారీల యజమానుల మిద్దెలు కట్టాడు. ముప్పై ఏండ్లూ ఎవరో గీసిన గీత మీద ఇటుక పేర్చడమే. గది ఎట్లుండాలని అతణ్ని అడిగిన పుణ్యాత్ముడు లేడు.

ఈ గది ఒక్కటే తను బొగ్గుముక్కతో బండ మీద గీసుకున్నాడు.

అది రెండు రాష్ట్రాల హద్దు మీద, గని కూలోళ్ల గుడిసెల పక్కన ఉంది. ఖనిజం ధర మండిపోతున్న రోజులవి. హద్దు ఎక్కడుందనే దాని మీదే తగువు. ఈ పక్క ఆసుపత్రి బండి అటు పోదు, ఆ పక్కది ఇటు రాదు. అంతకు ముందటి ఎండాకాలం గని కూలి ఉచ్చెంగమ్మ నొప్పులతో హద్దురాయి దగ్గర పడుకొని ఉంటే, ఎవరి బండి రావాలని ఫోన్లు నడిచేలోపల బిడ్డ దక్కలేదు. అందుకే గాళెప్ప సరిగ్గా ఆ హద్దురాయి వరసలోనే గది లేపాడు. పడమటి వాకిలి కర్ణాటకది, తూర్పు వాకిలి ఆంధ్రాది. మెట్లు లేవు. మంచం వంచకుండా పట్టేంత వెడల్పు. ఏ బండైనా తన వాకిటికి తాను వస్తుంది, హద్దు దాటే పనిలేదు. ఇటుకలు ఈ పక్క జనం తెచ్చారు, రేకులు ఆ పక్క జనం.

నేల ఆరేదాకా కోడిపిల్ల కూడా తొక్కకూడదని పొద్దున్నుంచి అందర్నీ కసురుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం, మళ్లా కడుపుతో ఉన్న ఉచ్చెంగమ్మకు నొప్పులొచ్చాయి. నెలలు నిండలేదు. మన కర్ణాటక పక్క దోవంతా ఖనిజం లారీలు అడ్డం, బండి రాదు. మొగుడు యల్లేష్ ఆంధ్రా పక్క ఫోను చేస్తే, అక్కడి డ్రైవరు తూర్పు వాకిటిదాకా వస్తానన్నాడు. గదికి ఒకపక్క గొయ్యి, ఇంకోపక్క ఖనిజం గుట్ట. పోతే గదిలోంచే పోవాలి. మంచం మోసుకొచ్చిన నలుగురూ పచ్చినేల చూసి వాకిట్లోనే నిలబడిపోయారు.

గాళెప్ప ఒకణ్ని పక్కకు నెట్టి తానే మంచంకోడు పట్టుకున్నాడు.

“ఏంది సూస్తాండారప్పా? తొక్కండి. నేల మల్లా ఏస్తా.”

పెట్టిన ప్రతి అడుగూ దిగబడింది. మంచం మాత్రం రెండు వాకిళ్లలోనూ ఎక్కడా తగల్లేదు. అవతల డ్రైవరు బండి తలుపు తీసుకొని నిలబడ్డాడు.

“మా వాకిట్లోకే వచ్చినా పెద్దాయనా. నన్నడిగేటోడు ఎవుడు?”

పొద్దు వాలేవేళకు యల్లేష్ ఫోను వచ్చింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగున్నారు. గాళెప్ప గోడకు ఆనుకొని కూర్చున్నాడు. పక్క గుడిసె కరియమ్మ టీ ఇస్తూ, “ఏం మేస్త్రీ, కోడిపిల్లను రానీకుండా ఎనుములను తోలినావే?” అని ఎగతాళి చేసింది. అతను నవ్వబోయి దగ్గాడు, దగ్గుతూనే నవ్వాడు.

నేల మళ్లా వేయలేదు. ఆ అడుగులట్లే ఉండనీ అన్నాడు. మూడోనాడు సిరిగేరి బస్సెక్కాడు. ఆ వానకాలం, కూతురింట్లో, నిద్రలోనే పోయాడని తర్వాత తెలిసింది.

మరిచిపోకుండా నీ పిల్లలకూ చెప్పు తల్లీ. మంచం మోసేటప్పుడు దిగబడిన అతని ఎడమకాలి రబ్బరు చెప్పు గది నడిమధ్యన సిమెంటులో గట్టిపడిపోయింది. నీలం పట్టీ, అరిగిన మడమ. ఊడ్చేవాళ్లు ఇప్పటికీ దాని చుట్టూ చీపురు తిప్పుకొని పోతారు.