వెనక హుక్కుల రవిక

రవిక కుట్టడానికి కొలతలు తీసుకుందామని నేను ఆ ఇంటికి వెళ్ళేసరికి హాల్లో క్లాసు నడుస్తోంది. ఆ ఇంటి మనవరాలు రవిక లేకుండా పాతకాలపు చీరకట్టు కట్టుకుని, ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళకు పాఠం చెబుతోంది.

"పూర్వం మనలో చాలామంది ఇలాగే కట్టుకునేవాళ్ళు. జాకెట్టు తర్వాతెప్పుడో వచ్చింది. సిగ్గు కూడా దాంతోపాటే వచ్చింది" అంది. వాళ్ళు నోరు వెళ్ళబెట్టి విన్నారు. కట్టు నేర్పింది నానమ్మేనని చెప్పడానికి గోడకు ఆవిడ ఫొటో పెద్దది చేసి పెట్టారు. దండ ఒక్కటే తక్కువ.

ఆ నానమ్మ బతికే ఉంది, వెనక గదిలో. చిన్నప్పుడు రవికంటే ఏమిటో ఎరగదు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాకే అత్తగారు తొడిగించింది. ఇప్పుడు కుడి భుజం బిగుసుకుపోయి చెయ్యి లేవదు. చంకలో గుడ్డ ఒరుసుకుని పుండ్లు పడ్డాయి. ఆవిడ కోరికల్లా ఒక్కటే, ఉన్న నాలుగు రోజులూ రవిక లేకుండా ఉండాలని.

ముందురోజు ఆవిడ హుక్కులు తీసేసి, పుట్టింట్లో కట్టుకున్నట్టే చీర చుట్టుకుని హాల్లోకి వచ్చిందట. భుజం మీద ముడి మనవరాలు తప్పుగా వేస్తోందని సరిచేయబోయిందట.

"వచ్చినవాళ్ళ ముందు పరువు తీసింది" అంది ఆవిడ కోడలు నాతో. పెద్దావిడ పక్కనే ఉంది, చెవుడేమీ లేదు. "ఈసారి హుక్కులు వెనక పెట్టమ్మా. తనంతట తను తీసుకోలేకుండా."

ఉండబట్టలేక, "మీ అమ్మాయీ అలాగే కట్టుకుందిగా" అన్నాను.

"అది కళ. ఈవిడది చాదస్తం. ఈ ముడతలు చూడ్డానికా వాళ్ళొచ్చేది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఒప్పుకున్నాను. నేను కాదంటే ఇంకెవరో బిగుతుగా కుట్టి ఇస్తారు. మెత్తటి గుడ్డ తీసుకుని, చంకలు వదులుగా పెట్టి, హుక్కులు మాత్రం కాస్త లాగితే ఊడిపోయేలా కుట్టాను. రెండో రోజు తెచ్చి తొడిగాను. కోడలు ఒక్కో హుక్కునీ గోటితో లాగి చూసింది. ఊడినవాటిని అక్కడికక్కడే, ఆవిడ ఒంటిమీద ఉండగానే, గట్టిగా కుట్టమంది. సూది ఎక్కడ గుచ్చుకుంటుందోనని పెద్దావిడ ఊపిరి బిగబట్టి కూర్చుంది. పని అయ్యాక కోడలు నిశ్చింతగా వంటింట్లోకి వెళ్ళింది.

అంతలో మనవరాలు భుజం దగ్గర కొంగు పట్టుకుని హాల్లోంచి పరుగున వచ్చింది.

"నానమ్మా, ముడి జారిపోతోంది. ఒకసారి చూడవా, అందరూ వెయిట్ చేస్తున్నారు."

పెద్దావిడ ఆ ముడి సరిచేయకూడదని మనసులో గట్టిగా కోరుకున్నాను. ఆవిడ మాత్రం మనవరాలిని కింద కూర్చోబెట్టి, ఒక కొస ఆ పిల్లనే పట్టుకోమని, ఎడమ చేత్తో రెండో కొసను లోపలికి తిప్పి బిగించింది. ముడి కదలకుండా నిలిచింది. చెయ్యి వెంటనే తీయలేదు. ఆ భుజాన్ని నిమురుతూ, "గాలి బాగా తగులుతోందా తల్లీ?" అంది.

"ఏసీ ఉందిగా నానమ్మా" అని మనవరాలు లేచింది. నా వైపు తిరిగి, "మీరు కూడా వచ్చేయండి, తలుపేస్తాను" అంది.

నేను బయటికి రాగానే నానమ్మ గదికి బయటినుంచి గడియ పెట్టింది. హాల్లో ఆ ముడి చూసి అందరూ చప్పట్లు కొట్టారు.