పాత పాస్‌పోర్టులోని వంటిల్లు

పొద్దున ఎనిమిదింటికి షట్టరు ఎత్తడం, మిషను మీది గుడ్డ తీయడం, సూదికి దారం ఎక్కించి పాస్‌పోర్టు తెరిచి పక్కన పెట్టుకోవడం ఆవిడకి పదేళ్లుగా అలవాటు. ప్యాంట్ల పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం, చిరుగులు కనపడకుండా కుట్టడం ఆవిడ పని. వీధంతా ఆవిడని అక్కయ్య అనే పిలుస్తుంది.

పాస్‌పోర్టు పదకొండో పేజీలో వీసా ఉంది. ఆ పేజీ తెరిస్తే పరాయి దేశంలో ఉన్న చెల్లెలి వంటిల్లు వినపడుతుంది. గిన్నె మీద మూత ఎగరడం, కుళాయి కారడం, చెల్లెలు కూనిరాగం తీయడం అన్నీ. వేరే షాపుల్లో రేడియో పెట్టుకుంటారు. ఈవిడ ఇది పెట్టుకుంది.

"ఇవాళ మీ చెల్లెలికి జలుబు చేసినట్టుందే," అన్నారు ప్యాంటు కోసం వచ్చిన లెక్కల మాస్టారు.

"తడి తలతో తిరిగుంటుంది. చిన్నప్పటినుంచీ అంతే, చెబితే వినదు."

"పోనీ ఇప్పుడు చెప్పరాదూ? పేజీ ఎదురుగానే ఉందిగా."

"మాస్టారూ, ముందు మీ నడుం సంగతి చూసుకోండి. మళ్లీ రెండంగుళాలు వదలాలి. ఇంక వదలడానికి గుడ్డ లేదు."

ఆ పేజీలోకి ఎవరూ మాట్లాడకూడదని ఆవిడ నియమం. ఉద్యోగానికి వెళ్లిన చెల్లెలు అక్కడే పెళ్లి కుదుర్చుకుంది. పెళ్లికి వెళ్దామని అక్క పదేళ్ల వీసా తెచ్చుకుంది. తెచ్చుకున్న రోజే ఫోను వచ్చింది, పెళ్లి కిందటి వారమే అయిపోయిందని. తల్లి పోయాక తాను జడలు వేసి, ముద్దలు పెట్టి పెంచిన పిల్ల. "ఇక ఈ జన్మలో నీతో మాట్లాడను," అంది అక్క. మాట్లాడలేదు. వినడం మాత్రం మానలేదు. మాట్లాడనన్నాను గానీ విననన్నానా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. అది మొండితనం. దానికి పట్టుదల అని పేరు పెట్టుకోవడం ఇంకా పెద్ద తప్పు.

చెల్లెలు తీసే కూనిరాగం ఎక్కడిదో అక్కకి తెలుసు. ఒకప్పుడు ఈ మిషను కిందే, గుడ్డముక్కల గుట్ట మీద పడుకున్న పిల్లకి నిద్ర పట్టాలని తాను తీసిన రాగం. పెడల్ చప్పుడే దానికి తాళం. చప్పుడు ఆగితే పిల్ల లేచి కూర్చునేది. అందుకని కుట్టాల్సింది ఏమీ లేకపోయినా, కాళ్లు లాగుతున్నా, ఉత్త మిషను తొక్కుతూ ఉండిపోయేది. మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు ఆ రాగం వినపడితే అక్క కాలు ఇప్పటికీ దానికి తగ్గట్టే కదులుతుంది.

పాస్‌పోర్టు గడువు తీరింది. కొత్తది ఇచ్చిన గుమస్తా పాతదాని అట్ట మూల కత్తిరించబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"నెమ్మదయ్యా! లోపల మనుషులున్నారు."

"అట్ట ఒక్కటేనమ్మా, వీసా జోలికి పోను. పాస్‌పోర్టు చచ్చింది గానీ వీసా బతికే ఉంది. ప్రయాణంలో రెండూ చూపించాలి. అయితే ఇంక ఇరవై రెండు రోజులే. తర్వాత ఏమీ వినపడదు. మా అత్తగారిదీ అలాగే ఆగిపోయింది. ఇప్పటికీ చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంటుంది, పాపం."

ఆ సాయంత్రమే అక్క టికెట్టు తీసుకుంది. మాట్లాడే పని లేదు, గుమ్మంలో నిలబడితే చాలు అనుకుంది. రెండు పాస్‌పోర్టులకీ కలిపి మాస్టారు రబ్బరు బ్యాండు వేసి ఇచ్చారు.

చెల్లెలి దేశంలో విమానం దిగేసరికి వీసాకి ఇంకా రెండు రోజుల గడువు ఉంది. అద్దాల గదిలో కూర్చున్న అధికారి కొత్త పాస్‌పోర్టు తిరగేశాడు.

"ఇందులో వీసా ఏదమ్మా?"

"పాతదాంట్లో ఉంది బాబూ."

"సరే. ఎక్కడ ఉంటారు?"

"మా చెల్లెలింట్లో."

"అడ్రసు?"

ఆ ఇంటి కుళాయి ఎలా కారుతుందో అక్కకి తెలుసు. ఏ గిన్నెకి ఏ మూతో తెలుసు. వీధి పేరు తెలియదు. ఇన్నేళ్లుగా వింటున్న ఇల్లు కదా, అంతా తెలుసనుకుంది.

"తలుపు కాస్త కిర్రుమంటుంది," అంది.

"అలాంటి తలుపులు ఈ ఊళ్లో లక్ష ఉంటాయమ్మా. అడ్రసు లేకపోతే లోపలికి పంపడానికి వీల్లేదు. నాలుగింటి విమానానికి వెనక్కి వెళ్లాల్సిందే."

వెనక్కి వెళ్తే మళ్లీ వచ్చేలోగా వీసా ఉండదు. అక్క కౌంటరు అంచు పట్టుకుని నిలబడింది. అధికారి వీసా నంబరు రాసుకోవడానికి పాత పాస్‌పోర్టు తెరిచాడు. గిన్నె మూత చప్పుడు వినపడింది. ఆవిడ నియమం అతనికేం తెలుసు? పేజీ మీదికి వంగి మామూలుగా అడిగేశాడు.

"అమ్మా, మీ అక్కగారు వచ్చారు. అడ్రసు చెబుతారా?"

మూత చప్పుడు ఆగింది. కుళాయి కట్టేసిన చప్పుడైంది.

"రాసుకోండి," అంది చెల్లెలి గొంతు. వీధి పేరు చెప్పింది, ఇంటి నంబరు చెప్పింది. "నాలుగో అంతస్తండీ. లిఫ్టు లేదు. అక్కకి కుడి మోకాలు నొప్పి, ఆగి ఆగి ఎక్కమనండి."

మోకాలి నొప్పి మొదలై రెండేళ్లు. అక్క ఆ మాట తన షాపులో తప్ప ఎక్కడా అనలేదు.

అధికారి అడ్రసు రాసుకుని, కొత్త పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి, తెరిచి ఉన్న పాతదాన్ని ఆవిడ వైపు తిప్పాడు. వెనక వరసలో జనం గొణుగుతున్నారు. అక్క పేజీ మీదికి వంగింది. పదేళ్ల మాటల్లో ఏది ముందు అనాలో తోచలేదు.

"ఏమే, తిన్నావా?" అంది.

"లేదక్కా. నువ్వొస్తావని."