ఆగస్టులో చెడిపోయిన బండి

మెకానిక్ రెజీస్ ఆగస్టు నెలంతా షెడ్డు మూసుకున్నాడు. మూసుకుంటే మూసుకున్నాడు, ఈ దేశంలో ఆగస్టులో మూయనిదేముంది గనక! కానీ నా బండిని లోపల లిఫ్టు మీదకి ఎక్కించి, నాలుగు చక్రాలూ గాల్లో వేలాడుతుండగా షట్టరు దించేశాడు. "క్లచ్ పోయింది ఒడీల్, సామాను రాగానే వారంలో ఇచ్చేస్తా" అని జులై చివర్లో చెప్పిన మనిషి. షట్టరు మీద ఒక కాగితం అంటించి ఉంది. "సెలవులు. సెప్టెంబరులో కలుద్దాం." కింద నవ్వుతున్న సూర్యుడి బొమ్మ కూడా గీశాడు. ఆ నవ్వు చూసేసరికి నా ఒళ్ళు మండిపోయింది.

బండి లేకపోతే నాకు శనివారం సంత లేదు. కొండ మీద మేకల్ని పెంచి, ఆ పాలతో చీజు చేసి, కింద ఊళ్ళో అమ్ముకోవడమే నా బతుకు. సంతలో బేకరీ ఎదురుగా, చెట్టు నీడన ఉండే చోటు మా అమ్మది. ఆమె తర్వాత నాది. ఆ చోటుకి రూలుంది. ఎనిమిదింటికి గంట కొట్టేసరికి మనిషీ సరుకూ అక్కడుండాలి. సెలవు కావాలంటే నెల ముందే చెప్పాలి. చెప్పకుండా వేసవిలో రెండుసార్లు రాకపోతే చోటు ఇంకొకరిది. బండి చెడిన రోజున ఒకసారి అయిపోయింది. తర్వాత రెండు వారాలు పక్కింటి బాజిల్ తన కారులో దింపాడు. ఇప్పుడు ఆయన కూడా సెలవులకి పోయాడు. సబ్బులమ్మే ఎర్వాన్ అనే కుర్రాడు, సొంత చోటు లేనివాడు, ప్రతి శనివారం మడత బల్ల చంకన పెట్టుకుని నా చోటు పక్కనే నిలబడతాడు. నేనెప్పుడు రానా అని.

రెజీస్‌కి ఫోన్ చేశాను. మేమిద్దరం ఒకే బడిలో చదివాం, వాడి దగ్గర నాకు మర్యాదలేమీ లేవు.

"ఏరా, నా బండి సంగతేంటి?"

"ఒడీల్! సముద్రం దగ్గరున్నాను, సరిగ్గా వినబడ్డం లేదు!" వెనక నీళ్ళ చప్పుడు, పిల్లల కేకలు.

"శనివారం నాకు సంతరా. పోనీ, ఆ షెడ్డు కారన్నా ఇప్పించు." బండి రిపేరులో ఉన్నవాళ్ళు తిరగడానికి ఊరికే ఇచ్చే పాత తెల్లకారు వాడి దగ్గర ఒకటుంది.

"అదీ చెడిపోయింది."

"మెకానిక్కు కారు చెడిపోవడమేంట్రా?"

"డాక్టరుకి జ్వరం రాదా ఏంటి? సూపర్ మార్కెట్లో అద్దెకిస్తున్నారుగా, చవక్కూడా. తీసుకో." పెట్టేశాడు.

సూపర్ మార్కెట్టుకి ఫోన్ చేశాను. నిజంగానే చవక. నా దగ్గరున్న దాంట్లో సరిపోతుంది. "శుక్రవారం మధ్యాహ్నం వచ్చి తీసుకుంటానమ్మా" అన్నాను. "అలాగే మేడమ్" అంది ఆ పిల్ల. శుక్రవారం సైకిలేసుకుని, బ్రేకులు కీచుమంటుంటే కొండ దిగాను. గేటు మూసి ఉంది. కార్లు నిలిపే చోట ఒక్క పిట్ట లేదు. చర్చి వైపునుంచి గంటలు వినబడేదాకా నాకు తట్టలేదు. పదిహేనో తారీకు. మరియమాత పండగ. పొద్దున్న మాత్రమే తెరిచి కట్టేశారు. వారమంతా సెలవులకి పోయిన ప్రతివాడినీ తిట్టిపోసిన నేను, అసలు సెలవురోజునే మర్చిపోయాను! గోరుచుట్టు మీద రోకటిపోటు. ఎవర్ని తిట్టాలో తెలియక సైకిల్ని ఒక్క తన్ను తన్నాను.

గట్టుమీద కూర్చుని ఫోన్ తీశాను. మనుషులు తమ సొంత కార్లని ఒకరికొకరు అద్దెకిచ్చుకునే సైటు ఒకటుందిగా, దాంట్లో వెతికాను. అన్నిటికన్నా చవగ్గా, అన్నిటికన్నా దగ్గర్లో ఒక తెల్లకారు కనబడింది. ఫొటో పెద్దది చేసి చూశాను. వెనక తలుపు మీద సొట్ట. ఆ సొట్ట నాకు తెలుసు. పోయిన చలికాలం నా మేకల పాక గుంజకి గుద్ది నేను పెట్టిన సొట్ట అది! యజమాని పేరు నదేజ్. అంటే రెజీస్ పెళ్ళాం. చెడిపోయిందన్న కారు, ఊరికే ఇవ్వాల్సిన కారు, అద్దెకి తిప్పుతున్నారు!

పళ్ళు నూరుకుంటూనే అడిగాను. నాకు కోపం కన్నా చోటు ముఖ్యం. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. "క్షమించండి, ఈ కారు మీకు ఇవ్వలేము."

మీకు! ఆ ఒక్క మాటతో అరికాలి మంట నెత్తికెక్కింది.

కారు ఊళ్ళోనే ఉందంటే, తాళాలిచ్చే మనిషీ ఊళ్ళోనే ఉండాలి. వాళ్ళిల్లు షెడ్డు వెనకే. పక్క సందులోంచి దొడ్లోకి తిరిగాను. గాలి కొట్టిన ప్లాస్టిక్ కొలనులో పిల్లలు దూకుతున్నారు. రెజీస్ నిక్కరేసుకుని, కాళ్ళు నీళ్ళలో పెట్టి, చేతిలో సోంపు సారా గ్లాసుతో కూర్చున్నాడు.

"ఇదేనా నీ సముద్రం?" అన్నాను.

గ్లాసు జారి కొలనులో పడింది. "ఒడీల్... ఇంట్లో ఉన్నానంటే ఊళ్ళోవాళ్ళు నన్ను వదులుతారా? ఒకడు బ్యాటరీ అంటాడు, ఒకడు టైరంటాడు. సెలవంటే సెలవే."

"మరి కారు?"

నదేజ్ తువ్వాలుతో బయటికొచ్చింది. "ఏమీ అనుకోకండి ఒడీల్ గారూ, పోయినసారి మీరు వాడాక నెలరోజులు మేక కంపు పోలేదు. ఎవరూ అద్దెకి తీసుకోలేదు."

మేక కంపట! ఆ మేకల చీజే కదా ప్రతి ఆదివారం వీళ్ళ బల్ల మీద ఉండేది! విసురుగా పక్కకి తిరిగాను. షెడ్డు వెనక తలుపు తెరిచే ఉంది. లోపల బల్లమీద కొత్త అట్టపెట్టె, దానిమీద నా పేరు.

"సామాను వచ్చిందా?"

"వచ్చింది. మంగళవారం."

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదేరా! రేపు నా చోటు పోతుంది. మా అమ్మ చోటు. తెలుసా నీకు?"

"తెలుసు. కానీ ఏడాదికొక్క నెలే నాది. ఇవాళ నీకు చేస్తే రేపు అందరికీ చెయ్యాలి. నువ్వు మూసేసిన రోజున నేనొచ్చి పాలు పితకమంటానా?"

"నేనెప్పుడు మూశానురా? నా మేకలకి ఆగస్టు అంటే తెలియదు!"

సైకిల్ తోసుకుంటూ కొండెక్కాను. దారంతా తిడుతూనే ఉన్నాను, వాడిని, వాడి సూర్యుడి బొమ్మని, ఈ దేశాన్ని. పైకెళ్ళేసరికి మేకలు పాల బరువుతో గేటు దగ్గర అరుస్తున్నాయి. పితకలేదు. గేటు తీసి, కుక్కని కేకేసి, మొత్తం మందని కిందికి తోలాను.

మంద వాళ్ళ దొడ్లోకి దూరేసరికి నదేజ్ వేసిన కేక చర్చిలోకి వినబడి ఉంటుంది. పెద్దమేక పూలకుండీల వరస మొదలుపెట్టింది. ఇంకోటి కొలను అంచు కొరికింది, బుస్సుమని గాలి పోయింది. పిల్లలు మాత్రం పకపకా నవ్వుతున్నారు.

ఖాళీ బకెట్టు తీసుకెళ్ళి రెజీస్ ముందు పెట్టాను. "ఇవాళ్టినుంచి నాక్కూడా సెలవు. సెప్టెంబరులో కలుద్దాం. పాలు పిండకపోతే పొదుగులు వాస్తాయి, జాగ్రత్త."

"నీకు పిచ్చి పట్టిందే!"

"ఇప్పుడే పట్టింది."

"కారు తీస్కోండి! తాళాలివిగో!" అంది నదేజ్ ఏడుపు గొంతుతో.

"కారొద్దు. క్లచ్ వేసి నా బండి దించు."

రెజీస్ నన్నూ, తన పూలకుండీలనీ మార్చి మార్చి చూశాడు. నిక్కరు మీదే షెడ్డులోకి పోయి దీపాలేశాడు. నేను దొడ్లోనే కూర్చుని మేకల్ని పితికాను. పితుకుతూనే నోటికొచ్చిందల్లా అన్నాను. పందొమ్మిదేళ్ళుగా ఒక్క శనివారం సెలవు తీసుకోలేదన్నాను. నీకు ప్లాస్టిక్ సముద్రమన్నా ఉంది, నేను అసలు సముద్రం చూసి ఎన్నేళ్ళయిందో తెలుసా అన్నాను.

బండి కిందనుంచి వాడి గొంతు వచ్చింది. అరవలేదు, వెటకారమూ లేదు.

"ఎవరాపారు నిన్ను?"

దానికి నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉండాలి. మేకలు, చోటు, అమ్మ. ఇంకో మేకని దగ్గరికి లాగి పితకడం మొదలుపెట్టాను. వెలుతురు ఉండగానే బండి కిందికి దిగింది.

మర్నాడు గంట కొట్టేసరికి చీజులన్నీ పరిచి నా చోట్లో నిలబడి ఉన్నాను. ఎర్వాన్ మడత బల్ల చంకన పెట్టుకుని, మొహం వేలాడేసుకుని వెనుదిరిగాడు. సంత చూసుకునే మార్సెలెన్ నా పేరు పక్కన టిక్కు పెట్టి, "నీ చోటెక్కడికీ పోదులే" అన్నాడు. గెలిచాను. కానీ మనసు కుదుటపడలేదు. కోపం అలాగే ఉంది. ఈసారి దానికి రెజీస్ మొహం లేదు. నేను మా అమ్మ నిలబడ్డ రాయి మీదే నిలబడి ఉన్నాను. ఆవిడ అక్కడ నిలబడే ముసలిదయింది. ఒక్కనాడు కూడా సెలవడగలేదు. అడిగితే ఇచ్చేవాళ్ళే.

"మార్సెలెన్, సెప్టెంబరు చివరి శనివారం నేను రాను. రాసుకో, నెల ముందే చెబుతున్నా."

ఆయన పెన్ను ఆపి నా వంక చూశాడు. "ఒంట్లో బాగుందా?"

"బాగుంది. ఒరే ఎర్వాన్! ఇలా రా. ఆ ఒక్కరోజు చోటు నీది. ఒక్కరోజే. మళ్ళీ శనివారానికి నీ సబ్బు వాసన ఇక్కడ మిగిలిందో, తంతాను."

"ఎక్కడికెళ్తున్నావ్?" అన్నాడు ఆ కుర్రాడు నోరు వెళ్ళబెట్టి.

"నీకెందుకు?" అన్నాను. చీజు కొనడానికి వచ్చినావిడ తడిసిన నా కళ్ళవంక చూసి, నలుసు పడిందా అని అడిగింది. అవునన్నాను.