గోడ లోపలి గీత

కుక్కల గుండె స్కానింగులో డాక్టరమ్మది చేయి తిరిగిన పని. మధ్యలో చిల్లున్న బల్ల మీద కుక్కని కుడిపక్కకి పడుకోబెట్టి, కింద నుంచి చేయి పెట్టి, గొరిగిన చర్మానికి ప్రోబు ఆనిస్తే చాలు, గుండె గదులు తెర మీద కొట్టుకుంటూ కనిపించాల్సిందే. ఎంత పొగరుబోతు కుక్కయినా ఆవిడ దగ్గర నోరు మూసుకుని పడుంటుంది.

ఈ రోజు బల్ల మీదున్నది సొంత అక్క కుక్క. పేరు మొద్దు. పేరుకి తగ్గట్టే బల్లెక్కాక కదిలిన పాపాన పోలేదు. అక్క ఎప్పట్లాగే తెరకి వీపు పెట్టి, దాని తల రెండు చేతులతో పట్టుకుని, చెవిలో ఏవో కబుర్లు చెబుతోంది. దానికి వారం నుంచి దగ్గు. నిద్రలో కూడా ఆయాసం.

"నాకన్నా వీడే నయమే, నువ్వు చెప్పినట్టు వింటాడు," అంది అక్క.

డాక్టరమ్మ నవ్వలేదు. గుండె ఎడమ పై గది వెడల్పుని పక్కనున్న పెద్ద రక్తనాళం వెడల్పుతో భాగించాలి. ఒకటి పాయింట్ ఆరు దాటితే గుండె ఉబ్బుతున్నట్టు లెక్క. దగ్గూ ఆయాసమూ రాకముందే మాత్రలు మొదలుపెట్టాలి. ఇప్పుడు రెండు పాయింట్ రెండు వచ్చింది. మూడుసార్లు కొలిచినా అంతే.

ఏడాదిలో ఇంత ఎలా పెరిగిందబ్బా అని పాత బొమ్మలు తీసింది. పోయినేడు తనే రాసింది, ఒకటి పాయింట్ అయిదని. బొమ్మ పెద్దది చేసి చూసింది. కొలత గీత గది గోడ దాకా పోలేదు. ఇటు కాస్త, అటు కాస్త లోపలే ఆగిపోయింది. మూడు కొలతల్లోనూ అదే వరస. సరిగ్గా గీస్తే ఒకటి పాయింట్ ఎనిమిది.

చేయి జారితే ఒకసారి జారుతుంది, మూడుసార్లూ ఒకేలా జారుతుందా? ఊళ్ళోవాళ్ళ కుక్కలకి ఆవిడ ఏనాడూ ఇలా గీయలేదు. ఆ రోజుకి బావ పోయి ఇరవై రోజులు. "వీడొక్కడు బాగున్నాడని చెప్పవే, చాలు," అంది అక్క. బాగున్నాడనే చెప్పింది. అబద్ధమాడుతున్నానని తనకే తెలియదు పాపం, నోటికన్నా ముందు చేయి ఆడేసింది.

ఏడుపొస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. ఏసీ చప్పుడు వినిపిస్తోంది, వేళ్ళకి జెల్ చల్లగా తగులుతోంది, అంతే.

"అక్కా, పోయినేడు నేను తప్పు కొలిచాను. వీడికి అప్పుడే మాత్రలు మొదలుపెట్టాల్సింది."

"పెట్టుంటే?"

"ఈ ఆయాసం ఇంకో ఏడాది దాకా వచ్చేది కాదేమో."

అక్క చేతులు మొద్దు తల మీదే ఉన్నాయి. నాలుగు తిడితే బాగుండనిపించింది డాక్టరమ్మకి.

"మరిప్పుడు?"

"మాత్రలిస్తాను, ఆయాసం తగ్గుతుంది. కొన్ని నెలలు. బాగా పనిచేస్తే ఏడాది."

"ఈసారైనా సరిగ్గా కొలిచావా?"

"మూడుసార్లు."

అక్క ఒక చేయి మొద్దు తల మీదే ఉంచి ఇటు తిరిగింది. ఇన్నేళ్ళలో ఆవిడ తెరకేసి చూడడం ఇదే మొదలు.

"నాలుగోసారి కొలువు. నేను చూస్తాను."

డాక్టరమ్మ ఒక గోడ దగ్గర గీత మొదలుపెట్టి రెండో గోడకేసి లాగింది. అక్క తెర మీద వేలు పెట్టింది.

"ఇక్కడి దాకానా?"

"ఇంకొంచెం ఉందక్కా," అంది డాక్టరమ్మ.