సందుగలోని పొత్తిగుడ్డ

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఒక ఇల్లు. పోచమ్మ మంచం కింది ఇనుప సందుగను ముందుకు లాగి మూత తీసింది. డాంబర్ గోళీల వాసన గుప్పుమంది. బట్టలకు పురుగు పట్టకుండా వేసే ఆ తెల్లటి గోళీలను కొన్ని ప్రాంతాలవారు కలరా ఉండలంటారు. అడుగున మడతపెట్టిన మెత్తటి నూలు చీర ముక్క ఉంది. పోచమ్మ దాన్ని దులిపి, అయిదు రోజుల మనుమడిని ముద్దుగా చుట్టింది. పసిబిడ్డకు కొత్తబట్ట కట్టకూడదని ఆ ఇంటి పట్టింపు. ఇందులో ఆక్షేపించవలసింది ఏముందని పాఠకులు అడగవచ్చు. పోచమ్మకూ ఏమీ కనబడలేదు.

మూడేళ్ల కిందట కోడలు వనజకు పుట్టిన మొదటి బాబు పన్నెండో రోజున కామెర్లతో పోయాడు. "తల్లి పాలు పిలగానికి పడలే" అని పోచమ్మ తేల్చేసింది. వాడకట్టంతా తలూపింది. రోగానికైతే పరీక్షలు కావాలి గానీ నిందకు ఎందుకు? వనజ భర్త బాలరాజు వర్క్‌షాప్‌లో ఇంజన్ల లోపం వెతికి పట్టుకునే మనిషే. ఇంట్లో మాత్రం నోరు మెదపలేదు. చివరికి వనజ కూడా ఆ మాట నమ్మింది. ఈసారి బిడ్డను రొమ్ముకు చేర్చుకోవాలంటేనే ఆమెకు భయం.

వనజ విశ్వవిద్యాలయంలోని జన్యుశాస్త్ర విభాగంలో అటెండరు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఏమేం వస్తాయో గోడలనిండా బొమ్మలున్న గదిని ఆరేళ్లుగా ఊడుస్తోంది. ఆ బొమ్మల్లో తన సంగతీ ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు సాయంత్రానికి బాబు కళ్లు పచ్చబడ్డాయి. మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది.

"నేను చెప్పిన గద, దీని పాలే పడ్తలేవు" అంది పోచమ్మ.

వనజ బిడ్డను ఎత్తుకుని ఆటో ఎక్కింది. పోచమ్మ పరుగున వచ్చి పక్కన కూర్చుంది.

తార్నాకలోని పిల్లల ఆసుపత్రిలో బాబును కామెర్లు తగ్గించే నీలి దీపం కింద పడుకోబెట్టారు. మందులేమైనా వేశారా అని డాక్టరు అడిగితే ఏమీ లేదన్నారు. కబురు తెలిసి వచ్చిన జన్యుశాస్త్ర విభాగం ప్రొఫెసర్ అరుంధతి, వనజ ఒళ్లో ఉన్న పొత్తిగుడ్డను తీసి వాసన చూసింది.

"ఇది ఎక్కడ పెట్టిన్రు?"

"సందుగల, మేడం. డాంబర్ గోళీలేసి" అంది పోచమ్మ. "పెద్దోనికి గూడ గిదే చుట్టిన. గుర్తుకని దాచిన."

అరుంధతి డాక్టరుతో మాట్లాడి ఇంకో రక్తపరీక్ష చేయించింది. అనుమానమే నిజమైంది.

"ఎర్రకణాలను కాపాడే ఎంజైము ఒకటి ఉంటది, వనజా. దాన్ని తయారుచేసే జన్యువుల చిన్న తప్పు పడ్డది. ఉత్పరివర్తనం అంటరు. ఇట్లాంటి పిల్లలకు ఈ గోళీల గాలి తగిలితే కణాలు పగిలిపోతయి."

"మరి నాకేం కాలే గద, మేడం?"

"ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోములో ఉంటది. నీకు రెండు ఉన్నయి. ఒకటి మంచిగున్నది, నిన్ను కాపాడింది. మగపిల్లలకు ఉండేది ఒకటే. అది తల్లి నుంచే వస్తది."

"అంటే తప్పు నాదే గద!" అంది వనజ.

"నిరుడు నీ ఆధార్‌ల పేరు తప్పు పడ్డదని తిరిగినవ్ చూడు. దాన్ని చూసి రాసిన ప్రతి కార్డులో అదే తప్పు దిగింది. అది నువ్వు రాసినవా? ఇదీ అంతే. నీ పాలల్ల ఏ దోషం లేదు. లేచి పాలియ్యి."

మొదటి బాబు రక్తాన్ని ఎవరూ పరీక్షించలేదు కనుక, అతనూ ఇందువల్లే పోయాడని ఖాయంగా చెప్పలేం. పోచమ్మ మాత్రం గుడ్డను నలుపుతూ "నా చేతులతోనే చుట్టిన" అంది. మూడేళ్లు పడిన మాటలన్నీ తిప్పికొట్టడానికి వనజకు అంతకంటే మంచి అదను దొరకదు.

"తెల్వక చేసినవ్, అత్తమ్మా" అంది వనజ.

బాబు కోలుకున్నాడు. ఇరవై ఒకటో రోజున పేరు పెట్టారు. పేరంటానికి వచ్చిన పక్కింటి వెంకటరమణమ్మ గొంతు తగ్గించి అడిగింది:

"ఈసారన్న తల్లి పాలు పడ్తున్నయా?"

పోచమ్మ వాడకట్టంతా వినేటట్టే చెప్పింది: "పాలకేమైంది? నా మాటే తప్పు. తెల్వని రోగానికి తల్లి పేరు పెట్టకుండ్రి. దవాఖానకు పోయి దాని పేరేందో తెల్సుకోండ్రి."