సగం మంచం

ఇంటర్వ్యూకి నాతో పాటు మా హాస్టల్ గది కూడా వస్తోంది. నేను రమ్మనలేదు. యూనివర్సిటీ గేటు దగ్గర బస్సెక్కినప్పుడే వెనక సీటంతా ఆక్రమించి కూర్చుంది. ఇప్పుడు ఈ అద్దాల భవనం ముందు నా వెనకే ఒద్దికగా నిలబడింది. లోపల ఆరేసిన లుంగీ కనిపించకుండా తలుపు దగ్గరగా వేసుకుంది. అంతవరకు నయం.

గదిలో సమ్మయ్య ఉన్నాడు. గది అతనిదే. నాకు హాస్టల్లో సీటు రాలేదు. నేను నాన్ బోర్డర్‌ని, అంటే సీటున్నవాడి గదిలో దొంగచాటుగా ఉండేవాణ్ని. మెస్ కార్డు సమ్మయ్యది, ప్లేటు సమ్మయ్యది, ఇనుప మంచం సమ్మయ్యది. రెండేళ్లుగా అన్నింట్లో సగం నాకిస్తున్నాడు. నేను మొహమాటపడి మంచం అంచున ఒదిగితే, “జర ఇటు జరుగు, పడ్తవ్,” అంటాడు రోజూ. ఇవాళ నేను తొడుక్కున్న చొక్కా మాత్రం పూర్తిగా ఇచ్చేశాడు.

సెక్యూరిటీ అతను గదిని ఎగాదిగా చూస్తాడు.

“దీనికి పాస్ ఉన్నదా?”

“అది నాతో రాలేదన్నా.”

“నీ వెంటనే ఉన్నది గదా?”

“ఏమో, నాకు తెలీదు.”

తలుపు సందులోంచి సమ్మయ్య అంతా వింటున్నాడు. “నువ్ పోరా నరహరీ, టైమైతున్నది. మేం మెట్లెక్కి వస్తం,” అంటాడు. సిగ్గుతో నా చెవులు మండిపోతున్నాయి. అయినా లిఫ్ట్ ఎక్కుతాను.

పెద్ద పెద్ద కంపెనీలకి సలహాలిచ్చే కంపెనీ ఇది. మా యూనివర్సిటీ నుంచి ఇంతవరకు ఒక్కడు కూడా ఈ మెట్టెక్కలేదు. తొంభై ఒక్క చోట్ల దరఖాస్తు పెడితే నన్ను పిలిచింది వీళ్లొక్కరే. ఇది పోతే ఇంకో పిలుపు రాదు. ఫారంలో పెద్ద కాలేజీలన్నిటికీ గళ్లున్నాయి, మాది లేదు. చివర్న “ఇతరములు” అనే గడి ఉంది. అందులో కూర్చోమంటారు. మోకాళ్లు బయటికొస్తున్నాయి. ఎలాగో సర్దుకుంటాను. సర్దుకోవడం నాకు కొత్తేమీ కాదు.

లోపల నన్ను ప్రశ్నలడిగే ఆవిడ పేరు అవంతిక.

“ఈ నగరంలో మంచాలెన్ని ఉంటాయి? అంకె కరెక్టుగా రావాలనేం లేదు. మీరెలా ఆలోచిస్తారో చూస్తాం.”

హమ్మయ్య! ఇలాంటివి సమ్మయ్య నా చేత ఏడు నెలలు చేయించాడు. ఊళ్లో గొడుగులెన్ని, దువ్వెనలెన్ని అని వాడు అడిగేవాడు, నేను చెప్పేవాణ్ని. గబగబా బోర్డు మీద రాస్తాను. జనం కోటి మంది. కింద పడుకునేవాళ్లని తీసేస్తే అరవై లక్షలు. రెండుతో భాగిస్తే ముప్ఫై లక్షల మంచాలు.

“రెండుతో ఎందుకు భాగించారు?”

“మంచానికి ఇద్దరు కదండీ.”

“డబుల్ కాట్ అయితే సరే. మరి సింగిల్ మంచాలు?”

“నేను చెప్తున్నది వాటి గురించేనండీ.”

ఆవిడ నవ్వదు. నవ్వినా బాగుండేది. పెన్ను కింద పెట్టి జాలిగా చూస్తుంది. నాకు తల కొట్టేసినట్టవుతుంది. అప్పుడే గది ఇరవై రెండంతస్తులూ ఎక్కి, ఆయాసపడుతూ వచ్చి నా వెనక నిలబడుతుంది. తలుపు బార్లా తెరిచి ఉంది. లుంగీ కనిపిస్తోంది. మంచం మీద సమ్మయ్య గోడవైపు ఒత్తిగిలి పడుకున్నాడు, నా సగం నాకు వదిలేసి.

“ఆయనెవరు? మీకు తెలిసినవారా?”

చెప్పాలి. ఒక్క మాట చాలు.

“కాదండీ. లెక్క తప్పు రాశాను. మంచానికి ఒక్కరే.”

“అయితే దిద్దండి.”

డస్టర్ తీసుకుని బోర్డు మీది రెండుని తుడిచేస్తాను. సమ్మయ్య లేస్తాడు. చెప్పులు తొడుక్కుంటాడు. దుప్పటి నీటుగా మడిచి తలగడ మీద పెడతాడు.

“ఇప్పుడు కరెక్ట్ చేసినవ్ రా,” అంటాడు. “దుప్పటి ఉంచుకో. ఈడ ఏసీ బాగున్నది, చలి పెడ్తది.”

వాడు తిట్టినా నాకు ఇంత సిగ్గనిపించేది కాదు. వాడు వెళ్లిపోతుంటే బోర్డు వైపే చూస్తూ నిలబడతాను.

“ఉద్యోగం మీదే,” అంటుంది అవంతిక గారు. “ఇప్పుడే చేరిపోండి.”

నా సీటు చూపిస్తారు. కిటికీ పక్కన ఉంది, నా పేరు కూడా రాసి ఉంది. అది మా ఇనుప మంచమే, నిలువునా కోసిన సగం. ఒకవైపు రెండు కాళ్లున్నాయి, కోసిన వైపు ఒక్కటీ లేదు. కూర్చుంటే పడిపోవాలి. కూర్చుంటాను, పడను.

కాసేపటికి వంగి చూస్తాను. కోసిన వైపు, ఇనుప పట్టీ కింద రెండు చేతులు. బొటనవేలికి మెస్ రిజిస్టర్లో ముద్ర వేసిన ఇంకు ఇంకా ఉంది.

“జర ఇటు జరుగు,” అంటాడు సమ్మయ్య కింది నుంచి. “పడ్తవ్.”

జరుగుతాను. నా బరువంతా ఆ వేళ్ల మీద పడుతుంది.