వెనక్కి చూసిన డూప్

మాగడి దగ్గర పాడుబడిన రాతి క్వారీ. మిట్టమధ్యాహ్నం. హీరో కింద కారవాన్‌లో చిత్రాన్నం తింటున్నాడు. హీరో చొక్కా తొడుక్కున్న డూప్ చెలువరాజు అరవై అడుగుల ఎత్తున, అంచుకు కాస్త ఇవతల నిలబడ్డాడు.

మలయాళంలో బాగా ఆడిన సినిమాను కన్నడంలో తీస్తున్నారు. నిర్మాతది ఒకటే మాట, అక్కడ ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రావాలి. అందుకే అసిస్టెంట్ డైరెక్టర్ చైత్ర ప్రతి షాట్‌కీ ముందు ట్యాబ్‌లో పాత సినిమా ముక్క చూపిస్తుంది.

"చూడన్నా. ఏడడుగులు పరుగు. అంచు దగ్గర ఆగి, ఎడమ భుజం మీదుగా వెనక్కి చూశాడు. అప్పుడు దూకాడు."

చెలువరాజు మూడుసార్లు చూశాడు. తెర మీద ఆ డూప్ వెనక తరుముకొస్తున్న రౌడీలను చూడటం లేదు. నేలకేసి చూస్తున్నాడు.

"దేన్ని చూస్తున్నాడమ్మా?"

"ఏమోనన్నా. ఆ షాట్‌లోనే పోయాడట పాపం. బాగా వచ్చిందని ఉంచేశారు."

"ఈ ముక్క పొద్దున చెప్పుంటే రెండు ఇడ్లీలు తక్కువ తినేవాణ్ణి."

ఫైట్ మాస్టర్ తిప్పేస్వామి చెలువరాజు నడుముకు వేసిన తాడు రెండో కొసను బండలో దిగేసిన బోల్టుకు బిగించి లేచాడు. "ఏం గురూ, తాళి కట్టేవాడిలా చెమటలు పడుతున్నాయి?"

"మీరు కట్టాక భయమేంటి మాస్టారూ."

మాస్టర్ కట్టిన తాడును డూప్ తిరిగి చూడకూడదు. చూస్తే అనుమానించినట్టే, మర్నాటి నుంచి పని ఉండదు. పదకొండేళ్లలో చెలువరాజు ఒక్కసారీ చూడలేదు.

"ఆ వెనక్కి చూడటం తీసేయమ్మా," అని గొణిగాడు తిప్పేస్వామి.

"ఒరిజినల్‌లో ఉంది మాస్టారూ. నిర్మాత ఊరుకోరు."

యాక్షన్ అన్నారు. చెలువరాజు ఏడడుగులు పరుగెత్తాడు, ఆగాడు, ఎడమ భుజం మీదుగా చూశాడు.

బోల్టు పక్కన ఒక మనిషి గొంతుక్కూర్చున్నాడు. ఒంటి మీద ట్యాబ్‌లో చూసిన అదే చొక్కా. మొహం నిండా తెల్లటి రాతిపొడి. బొటనవేలితో బోల్టును మెల్లగా నొక్కాడు. అది ఊడబోయే పన్నులా కదిలింది.

చెలువరాజు రెప్ప వేసి తెరిచేసరికి అక్కడ ఎవరూ లేరు. బోల్టు మాత్రం పక్కకు ఒరిగి ఉంది. అతను ఉన్నచోటనే కూలబడ్డాడు.

కట్ అన్నారు. తిప్పేస్వామి మండిపడుతూ వచ్చాడు. "నా కట్టునే అనుమానిస్తావురా? చూడు, నీ కళ్లతోనే చూడు." బోల్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. గుప్పెడు రాతిపొడితో అది చేతిలోకి వచ్చేసింది.



"అన్నా, ఇటు రా," అంది చైత్ర. ట్యాబ్‌లో మళ్లీ ఆ ముక్క వేసింది. ఏడడుగులు. ఆ డూప్ ఆగలేదు. వెనక్కి చూడలేదు. నేరుగా దూకేశాడు. మళ్లీ వేసింది. మళ్లీ అంతే. ఆమె షాట్ కాగితంలో మాత్రం 'ఎడమ భుజం మీదుగా చూపు' అని తన చేతిరాతలోనే ఉంది.

తిప్పేస్వామి వేరే బండలో కొత్త బోల్టు దించాడు. తాడు బిగించి, తల ఎత్తకుండా పిలిచాడు. "రా. లాగి చూసుకో."

చెలువరాజు రెండు చేతులతో లాగి చూసుకున్నాడు.

"ఇక వెనక్కి చూడక్కర్లేదులే. ఒరిజినల్‌లో లేదుగా," అన్నాడు మాస్టర్.

"ఉంది మాస్టారూ," అన్నాడు చెలువరాజు, పరుగుకు నిలబడుతూ.